నెమ్మికొండపై పొగ లేవని నాడు

ఫాల్గుణమాసపు ఎండ ఇంకా ముదరని ఒక ఉదయాన, కంకణవోలు రాజ్యానికి తూర్పు సరిహద్దుగా నిలిచిన నెమ్మికొండ మీదికి, పదిహేడేళ్ల ప్రాయపు ఎర్రభూపతి మహారాజు సపరివారంగా బయలుదేరాడు. ముందు కాహళాలు ఊదేవారు, వారి వెనుక వింజామరలు పట్టేవారు, ఆపైన రాజుగారి పల్లకీ, దాని వెనుక వంటసామగ్రి మోసే కావళ్లు, అన్నిటికీ చివర ఎందుకు తెచ్చారో ఎవరికీ తెలియని నాలుగు వేటకుక్కలు. ఒక్క కొండ చూడడానికి ఇంతమంది అవసరమా అని ఎవరైనా అడిగితే, రాజు కదిలితే రాజ్యం కదలాలి అనే జవాబు ఆస్థానంలో సిద్ధంగా ఉండేది. అడిగేవారే లేరు.

కొండ కొమ్మున, పాడుబడిన కోటగోడల అవతల, పెద్దేటి లోయ మీదికి చాచుకొని ఉన్న నల్లరాతి పలక ఒకటి ఉంది. దానిని చూపుబండ అంటారు. దాని మీద నిలబడితే పెద్దేరు మూడు వంపులు తిరిగి పారడం, అరక్రోసు దూరాన రేవు, రేవు పక్కన ఇప్పతోపు, దానికవతల పద్నాలుగు గ్రామాల పైరుపచ్చ ఒక్క చూపులో కనబడతాయి. ఆ బండ మీద పదహారు స్తంభాల మంటపం కట్టించి, మహారాజు తన రాజ్యాన్ని తన కంటితో చూసి ఆనందించాలని సంకల్పించినవాడు మహామంత్రి విస్సనామాత్యుడు. విస్సన్న చెప్పిందే వేదమనే సామెత ఎక్కడ పుట్టిందో గాని, ఆ ఆస్థానానికి మాత్రం కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

మంటపం ఎదుట నిలువెత్తు శిల ఒకటి నునుపు చేసి నిలిపారు. దాని మీద చెక్కవలసిన మాటలు తాటాకు మీద సిద్ధంగా ఉన్నాయి. వాటికి సాక్షి పలకవలసిన మనిషి, సేనాధిపతి సూరపనాయకుడు, పల్లకీ వెనుక కాలినడకన వస్తున్నాడు.

పన్నెండేళ్ల కిందట, ఎర్రభూపతి అయిదేళ్ల పసివాడుగా సింహాసనం మీద కూర్చున్న కాలంలో, తూర్పుసీమ రాజు నెమ్మికొండను ముట్టడించాడు. కోటను కాచినవాడు పసిరాజుకు మేనమామ అయిన బేతనాయకుడు. కోటలో నాలుగు వందల మంది భటులు, వారి ఆలుబిడ్డలు. ముట్టడి విడిపించడానికి సూరపనాయకుడు ఆరువేల దండుతో, మహామంత్రిని వెంటబెట్టుకొని రేవుదాకా వెళ్లాడు. వెళ్లినవాడు ఏరు దాటకుండానే తిరిగివచ్చాడు. అప్పటికే బేతనాయకుడు లంచానికి లోబడి కోట తలుపులు తెరిచి శత్రువును పిలిచాడని, దండు చేరేసరికి కోటలో ఆరిన పొయ్యిలే మిగిలాయని మంత్రి రాజధానిలో చాటింపు వేయించాడు. తరువాత సంధి కుదిరింది. మనుషులు మిగలని ఆ కొండను తూర్పురాజు కూడా ఎక్కువకాలం ఉంచుకోలేదు. ద్రోహి మేనల్లుడన్న మాట ఎక్కడ వినబడుతుందోనని ఎర్రభూపతి తలవంచుకొనే పెరిగాడు.

సూరపనాయకుడికి దుఃఖం లేదు. దుఃఖమే ఉంటే అది ఏదో ఒకనాడు తీరేది. రేవునుంచి తిరిగివచ్చిన రోజు మొదలు అతడి లోపల ఏదో మొద్దుబారిపోయింది. యుద్ధాలు గెలిచాడు, బిరుదులు పొందాడు, పెద్దకూతురి పెళ్లి చేశాడు. అన్నం ఉప్పగా ఉందో చప్పగా ఉందో అడిగితే భార్య ముఖం చూసి జవాబు చెప్పేవాడు. కంకణవోలులో అతడికి ధీరగంభీరుడని పేరు వచ్చింది. రాతికి కూడా అదే పేరు పెట్టవచ్చు.

కొండ సగం ఎక్కేసరికి అతడు ఆగిపోయాడు. పైన, కోటగోడ వెనుకనుంచి, సన్నగా పొగ లేస్తున్నది.

వెనుక వస్తున్న భటుడు, "ఏమైంది దొరా?" అన్నాడు.

"ఆ పొగ ఎవరిది?"

"శిల్పులకు గంజి కాచే ఆడమనిషి ఉంది దొరా. మాచసాని అంటారు. ఎన్నాళ్లుగానో ఆ కొండమీదే ఉంటోందట. మనిషి పెళుసు గాని చేతివంట బాగుంటుందని శిల్పులు చెప్పారు."

సూరపనాయకుడు ఆ పొగను చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తరువాత మిగిలిన కొండ ఎక్కాడు.

మహారాజు చూపుబండ మీద నిలిచి లోయ చూశాడు. విస్సనామాత్యుడు ఒక్కొక్క గ్రామం పేరు చెబుతూ, ఏ చెరువు ఎవరు తవ్వించారో వివరిస్తూ ఉంటే, పరివారం సమయానికి తగినట్టు ఆశ్చర్యపోతున్నది. సూరపనాయకుడు గ్రామాలు చూడలేదు. అతడు రేవునే చూస్తున్నాడు. తన దండు విడిసిన చోటు, గుర్రాలను కట్టిన ఇప్పతోపు, ఇసుకమేట, అన్నీ అరచేతిలో గీతల్లాగా స్పష్టంగా ఉన్నాయి. కిందినుంచి చూసినప్పుడు కొండ ఎంతో దూరంగా అనిపించింది. పైనుంచి రేవు ఇంత దగ్గరగా కనబడుతుందని అతడికి తెలియదు. ఆ రోజు ఇక్కడ నిలబడినవారు ఏమేమి చూసి ఉంటారో లెక్కకట్టడానికి మనసు మొరాయించింది.

మాచసాని మజ్జిగకుండతో వచ్చి స్తంభం పక్కన నిలబడింది. నలభై దాటిన మనిషి, ఒక కాలు ఈడ్చి నడుస్తుంది. అదే సమయానికి మంత్రి తాటాకు విప్పి చదవసాగాడు.

"స్వస్తిశ్రీ. కంకణవోలు ప్రభువులు ఎర్రభూపతి మహారాజులుంగారు ఈ కొండను మరల చేకొని చూపులమంటపము కట్టించిరి. పూర్వము ఈ దుర్గమును కాచిన బేతనాయకుడు స్వామిద్రోహియై తలుపులు తెరచి శత్రువులకు అప్పగించెను. అందుకు సేనాధిపతి సూరపనాయకుడు సాక్షి."

చదవడం పూర్తిచేసి మంత్రి సేనాధిపతి వైపు తిరిగాడు. "నాయకా, రేవున నిలిచి కన్నులారా చూసిన దండనాయకులలో ఇప్పుడు మిగిలినది మీరే. అవునన్న ఒక్క మాట సెలవియ్యండి. శిల్పి ఉలి పట్టుకొని ఉన్నాడు."

సూరపనాయకుడు నోరు తెరిచేలోపల మాచసాని మజ్జిగకుండ కింద పెట్టింది.

"దొరా, ఒక మాట అడగనివ్వండి," అంది రాజుతో. "తలుపులు తెరిచాడని రాశారు. ఏ తలుపులు? ఈ కోటకు మూడు గుమ్మాలు. లోపలి రెండు గుమ్మాల తలుపులు మేమే పీకి తగలబెట్టాం. మా ఆయన లేడు గాని, ఒక రెక్క మోసినదాన్ని నేనే."

ఒక భటుడు ఆమెను వెనక్కు లాగబోయాడు. ఎర్రభూపతి చేయెత్తి ఆపాడు. "ఎందుకు తగలబెట్టారమ్మా?" అని అడిగాడు.

"పొగ కోసం దొరా."

ఆమె చెప్పింది. ఊరి కబురు చెబుతున్నట్టే చెప్పింది. గొంతు ఎక్కడా ఎత్తలేదు.

ఆ కోటలో అక్కమ అనే ముసలి మంత్రసాని ఉండేది. కోటలో పుట్టిన ప్రతి బిడ్డా ఆమె చేతిలో పడినదే. బేతనాయకుడి కొడుకుల బొడ్డు కోసిందీ ఆమే. ముట్టడి మొదలైన నలభయ్యో రోజున, తెల్లవారుజామున ఆమె కన్నుమూసింది. ఇంట్లో చావు జరిగితే శవం లేచేదాకా పొయ్యి రాజెయ్యరు. అక్కమ ఏ ఇంటి మనిషి అంటే అన్ని ఇళ్ల మనిషీ. అందుకని కోటలో ఏ ఇంటా పొయ్యి రాజెయ్యలేదు. వల్లకాడు కోట బయట, శత్రువు చేతిలో ఉంది. లోపలే పూడ్చాలి. కొండ మీద మట్టి ఎక్కడిది? ఈ బండ పక్కనే గునపాలతో రాతిని కొట్టడం మొదలుపెట్టారు.

"బేతనాయకుడుగారు అంతా ఆలోచించిన మనిషి దొరా. కింద మన దండు దిగి ఉంది. రోజూ మా పొయ్యిల పొగ చూస్తూ ఉంటారు. ఇవాళ పొగ లేకపోతే ఏమనుకుంటారో అని, తెల్లారకముందే దొంగదారిన మనిషిని పంపారు. అక్కమ పోయింది, పొయ్యిలు వెలిగించం, కంగారుపడవద్దు, రేపు వేకువన ఏరు దాటి రండి, మేమూ గుమ్మం దాటి వస్తాం అని కబురు. వెళ్లినవాడు నా పెనిమిటి సింగడు. రెండు జాముల పొద్దు దాటింది. గుంత మోకాలిలోతు అయింది. ఎవరో అన్నారు, రేవులో జెండాలు అటు తిరుగుతున్నాయని. అందరం ఇక్కడికి వచ్చి నిలబడ్డాం."

ఆమె కొంగుతో కుండమూతి తుడిచింది.

"శవం ఇంకా లేవలేదు. అయినా నాయకుడుగారు, పాపం నాది, పొగ వేయండి అన్నారు. కట్టెలు లేవు. మంచాలు, బండిచక్రాలు, ఉయ్యాలలు, ఆఖరుకు ఆ తలుపులు. ఆకాశమంత పొగ లేచింది. దండు వెనక్కి తిరగలేదు. నాలుగోరోజున ఏనుగులు వెలుపలి గుమ్మం పగలగొట్టాయి. లోపల ఆపడానికి ఇంక తలుపు లేదు. నాయకుడుగారు రెండో గుమ్మంలోనే అడ్డంగా పడిపోయారు. ఆడవాళ్లం పిల్లలను తీసుకొని ఈ బండ మీదికి వచ్చాం. అందరం దూకాం. నన్ను ఒక రావిమొక్క పట్టుకుంది. నా చేతిలోని బిడ్డను పట్టుకోలేదు."

మహారాజు తన కాళ్లకింది రాతిని చూసి, రెండు అడుగులు వెనక్కు వేశాడు. వేటకుక్క ఒకటి ఆవులించింది.

మాచసాని సూరపనాయకుడి వైపు తిరిగింది. "రేవులో ఉన్నది మీరేనంటున్నారు గదా. కొండచుట్టు ఊళ్లన్నీ మా సింగడు కబురు చెప్పకుండా పారిపోయాడని అంటాయి. పన్నెండేళ్లుగా వింటున్నాను. ఎడమచేతికి రెండు వేళ్లు లేని మనిషి. మీ దండుకు వచ్చాడా, రాలేదా? అదొక్కటి చెప్పండి. ఆ తరువాత మీ రాతలు ఎలా రాసుకున్నా నాకు పనిలేదు."

విస్సనామాత్యుడు చిన్నగా నవ్వాడు. "ప్రభూ, కొండమీద ఒంటరిగా ఉన్న ఆడుది. మతి నిలకడ ఉండదు. నాయకా, మీరు సాక్షి పలకండి."

సూరపనాయకుడు తన నడుము కత్తిని ఒరతోసహా విప్పి రాజు పాదాల ముందు పెట్టాడు. అతడి స్వరంలో మార్పేమీ లేదు.

"దేవా, నేను సాక్షినే. సాక్ష్యం ఆలకించండి. ఆ మనిషి వచ్చాడు. సూర్యోదయానికి అతడిని విస్సనామాత్యులవారి డేరాలోకి తీసుకువెళ్లారు. ఘడియ తరువాత అమాత్యులు బయటికి వచ్చి, వీడు శత్రువు పంపిన వేగులవాడు, ఉరితీయండి అన్నారు. అతడి నోట గుడ్డ కుక్కి ఉంది. చేతులు వెనక్కు కట్టి ఉన్నాయి. ఆ చేయి నేను చూశాను. వేళ్లు మూడే ఉన్నాయి. అతడు నన్నే చూస్తూ ఉన్నాడు. గుడ్డ తీసి ఏమి చెబుతాడో వినండి అనడానికి ఆ దండుకు అధిపతిని నేను. అనలేదు. ఇప్పచెట్టుకు వేయమని తల ఊపాను. అటుపిమ్మటనే అమాత్యులు కొత్త ఆజ్ఞ వినిపించారు, మధ్యాహ్నానికి కోటమీద పొగ లేకుంటే కోట పోయినట్టే, వెనుదిరగాలి అని. అంతకుముందు ఆ మాట లేదు. ఆ మనిషి వచ్చిన తరువాతే వచ్చింది. ఈ రెండూ నాకు ఆనాడే తెలుసు. పక్కపక్కన పెట్టి చూసుకోలేదు."

"నాయకా, మాట జాగ్రత్త," అన్నాడు మంత్రి.

"జాగ్రత్తగానే చెబుతున్నాను అమాత్యా, పన్నెండేళ్లు ఆలస్యంగా. దేవా, తరువాత పెద్ద పొగ లేచింది. అదీ చూశాను. కోటకు నిప్పు పెట్టారన్నారు. ఒక్క రౌతును పంపి ఉంటే తెలిసేది. పంపలేదు. నేను ఈ సీమలో పుట్టినవాడినే. మా అమ్మ పోయిననాడు మా వీధిలో ఒక్క పొయ్యి వెలగలేదు. నేను ఆకలికి ఏడిస్తే పక్కవీధివారు తీసుకువెళ్లి అన్నం పెట్టారు. పొగ లేని ఇల్లు కనబడితే మా వైపు పసిపిల్ల అయినా అడిగేది ఒక్కటే, ఎవరు పోయారు అని. ఆరువేలమందితో ఆ రేవులో నిలబడి నేను ఆ మాట అడగలేదు. కోట పోయింది అనుకున్నాను. అలా అనుకోవడం సుళువు. ఏరు దాటనక్కరలేదు."

అతడు మాచసాని వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, నీ పెనిమిటి చేరాడు. కబురు తెచ్చాడు. చంపించింది నేను."

మాచసాని తల ఊపింది. "చేరాడన్నమాట," అంది.

ఎర్రభూపతి మంత్రి వైపు చూశాడు. విస్సనామాత్యుడు బుకాయించే దశ దాటిపోయిందని గ్రహించినవాడై, శాలువ సవరించుకొని సభలో పలికినట్టే పలికాడు. "ప్రభూ, ఒక కొండను విడిచి, పద్నాలుగు గ్రామాలకు పన్నెండేళ్ల శాంతి తెచ్చాను. ఈ పైరుపచ్చ ఎవరి చలవ? రాజ్యమన్న తరువాత ఎవరో ఒకరు ఇటువంటి పని చేయకతప్పదు. చేసినవాడు నిద్రపోగలిగి ఉండాలి. నేను పోగలను."

"మా మేనమామ బతికి ఉంటే మా పేర రాజ్యం నడిపేది ఆయన," అన్నాడు రాజు. "మీరు కాదు. అది కూడా ఆ శాంతిలో భాగమేనా?"

రాజు చేయి చాచాడు. విస్సనామాత్యుడు ముద్రికను వేలినుంచి తీయడానికి కొంత అవస్థపడ్డాడు. పన్నెండేళ్లలో వేలు లావెక్కింది. ఆ తరువాత అతడు ఇల్లు కదలక ఆరేళ్లు బతికాడు. అతడు పోయిననాడు ఆ వీధిలో అందరి పొయ్యిలూ ఎప్పటిలాగే వెలిగాయి.

సూరపనాయకుడు మరణదండన కోరాడు. కత్తి రాజు పాదాల దగ్గర అలాగే ఉంది. ఎర్రభూపతి దానిని చేతిలోకి తీసుకొని, ఏమి చేయాలో తెలియక మాచసానిని చూశాడు. అన్యాయం జరిగింది ఆమెకు. తీర్పు కూడా ఆమె నోటినుంచే రావాలని ఆ పడుచు రాజుకు తోచింది.

"చంపి ఏం చేస్తారు దొరా," అంది ఆమె. "నాకు కాలు బాగుండదు. కిందినుంచి కట్టెలు మోసేవాడు లేడు. ఉంటానంటే ఉండమనండి."

శిలమీది మాటలు మారాయి. "బేతనాయకుడు తలుపులు కాల్చి పొగవేసెను. సింగడు కబురు మోసెను. సూరపనాయకుడు రేవున నిలిచి, అడుగక మరలెను." మంత్రి పేరు కూడా చెక్కాలా అని శిల్పి అడిగితే, దానికోసం ఉలి అరగదీయవద్దని రాజు చెప్పాడు. మేనమామ పేరు చెక్కుతున్నంతసేపూ ఎండలో అక్కడే నిలబడి, చివరి అక్షరం పూర్తయిన తరువాత కొండ దిగాడు. దిగేటప్పుడు కాహళాలు ఊదవద్దన్నాడు.

సేనాధిపతి కట్టెలు మోశాడు. ప్రతి ఉదయం కొండ దిగి ఎండుపుల్లలు ఏరి, మోపుకట్టి, తలమీద పెట్టుకొని పైకి తెచ్చేవాడు. మాచసాని గంజి కాచేది. మంటపం చూడవచ్చిన బాటసారులకు పోయగా మిగిలినది ఇద్దరూ తాగేవారు. ఆమె అతడిని క్షమించానని ఎన్నడూ అనలేదు, అతడూ అడగలేదు. మాటలు కావలసినవే: కట్టె పచ్చిగా ఉంది, కుండ బీటవారింది, రేపు వాన వచ్చేట్టుంది. ఒకనాడు గంజిలో ఉప్పు ఎక్కువైందన్నాడు. ఆమె అతడిని ఒక నిమిషం పరీక్షగా చూసి, "తెలుస్తోందన్నమాట," అంది.

రెండు జాముల పొద్దుకు కొండమీద పొగ లేవాలి. అది ఒక్కటే అతడు పట్టుబట్టిన నియమం. వానలో కూడా, జ్వరంలో కూడా. కింద రేవులో పడవ నడిపేవారు, పొలాల్లో పనిచేసేవారు ఆ పొగ చూసి గంజికి లేవడం అలవాటు చేసుకున్నారు.

అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఒక మాఘమాసపు తెల్లవారుజామున మాచసాని లేవలేదు. సూరపనాయకుడు ఆమె ముఖం మీద కొంగు కప్పి, దగ్గర కూర్చున్నాడు. ముందురోజు తెచ్చిన కట్టెలు పొయ్యి పక్కన పేర్చి ఉన్నాయి. అతడు వాటిని ముట్టుకోలేదు. శవం లేవకుండా పొయ్యి రాజెయ్యరు. ఒక్కడే మోయలేడు, ఒక్కడే రాతిని తవ్వలేడు.

పొద్దెక్కాక వెళ్లి చూపుబండ మీద కూర్చున్నాడు. రేవు కనబడుతున్నది. పడవ కనబడుతున్నది. రెండు జాముల పొద్దు అయింది, దాటింది. ఇసుకమేట మీద మనుషులు ఒక్కరొక్కరుగా గుమిగూడి నిలబడడం, ఒకడు కొండవైపు చేయి చూపడం అతడు చూశాడు. తరువాత వారందరూ అటు తిరిగి, ఏటికి దూరంగా ఊరివైపు నడిచిపోయారు. సూరపనాయకుడికి ఆశ్చర్యం కలగలేదు. తాను ఆనాడు ఎలా కనబడి ఉంటాడో ఇప్పుడు తెలిసింది. ఇక ఆ రేవువైపు చూడకుండా, కళ్లు మూసుకొని అక్కడే కూర్చున్నాడు.

ఎండ వాలేవేళకు వెనుక రాళ్లు దొర్లిన చప్పుడు అయింది. కోటగుమ్మంలోనుంచి పడవవాడు వచ్చాడు. అతడి వెనుక ఊరివాళ్లు ఇరవైమంది దాకా ఉన్నారు, ఎక్కిన ఎక్కుడుకు అందరూ రొప్పుతున్నారు.

"పొగ కనబడలేదు తాతా," అన్నాడు పడవవాడు ఊపిరి అందీ అందకుండా. "ఎవరు పోయారు?"

సూరపనాయకుడు పేరు చెప్పబోయాడు. ఇరవై ఒక్క ఏళ్ల తరువాత అతడికి ఏడుపు వచ్చింది. బండమీద చేతులు ఆన్చి, చిన్నపిల్లవాడు ఏడ్చినట్టు ఏడ్చాడు.

వచ్చినవారు తొందరపెట్టలేదు. ఊరికి వెళ్లి తెచ్చుకున్న గునపాలు పక్కన పెట్టి, ఆయన చెప్పేదాకా అక్కడే కూర్చున్నారు.